ఆధార్ ఫారంలో అబద్ధం రాసిపెట్టమంటే?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాది చదువుతున్నాను. ఫీల్డ్‌వర్క్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల బస్తీలో. కొడుకును బడిలో వేయాలంటే ఆధార్ కావాలన్నారట. పిల్లాడు ఇక్కడే పుట్టినట్టు రాసిపెట్టమని ఒక తల్లి బతిమాలింది. కుదరదన్నాను. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఇంత టెన్షన్ పడే నేను ఈ ఉద్యోగానికి పనికొస్తానా?

జవాబు: పనికొస్తారు. అలా బతిమాలే తల్లికి కుదరదని చెప్పడం తేలిక కాదు, మీరు చెప్పారు.

ఆ అబద్ధం బయటపడితే ఎవరికి ఎక్కువ నష్టమో ఆలోచించండి. శరణార్థులకు రక్షణ కల్పించే 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉన్నా, దాన్ని చూపించి ఆధార్ తీసుకోవడం కుదరదు. తప్పుడు వివరాలతో ఆధార్, ఓటరు కార్డులు తీసుకున్నారని హైదరాబాద్‌లోనే రోహింగ్యాలను అరెస్టు చేశారు. మీకు కెరీర్ పోతుంది, ఆ కుటుంబానికైతే ఉన్న కాస్త నీడా పోతుంది.

అయితే కుదరదని చెప్పి వచ్చేస్తే పని సగమే అయినట్టు. ఆమె అడిగింది ఆధార్, కావాల్సింది బడి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. వయసు ధ్రువపత్రం లేదని పిల్లల్ని తిప్పి పంపకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు బడికే వెళ్లి అడగమంది, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చంది. అందుకని తెల్ల కాగితం మీద అర్జీ రాయించండి. పుట్టిన చోటుతో సహా అన్నీ ఉన్నదున్నట్టు రాసి, శరణార్థి కార్డు జిరాక్స్ జత చేయండి. హెడ్మాస్టర్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. కాదంటే ఆ కారణమేదో రాసిమ్మనండి. నోటితో పొమ్మన్నంత సులువుగా ఎవరూ కాగితం మీద రాసివ్వరు. ఆ తర్వాత మండల విద్యాధికారి ఉన్నారు. ఒక్క సంగతి: ఈ అర్జీతో కుటుంబం వివరాలు ప్రభుత్వ ఫైళ్లలోకి వెళ్తాయి. అది ఆ తల్లికి ముందే వివరంగా చెప్పి, ఆమె సరేనంటేనే కదలండి.

ఆ కుటుంబం రేషన్ కూడా అడగొచ్చు. దాని సంగతి వేరు. తమిళనాడు శిబిరాల్లోని శ్రీలంక తమిళులకు ప్రభుత్వమే నగదు, బియ్యం ఇస్తోంది. బాలాపూర్‌లో ఉన్నవాళ్లకు అది లేదు. ఈ తేడా అన్యాయమే, నాకూ మింగుడుపడదు. కానీ మీరు ఒక ఫారం నింపినంత మాత్రాన ఆ తేడా పోదు. ఆ భారమంతా మీ నెత్తిన వేసుకోకండి.

ఇంకో చిక్కు కూడా వస్తుంది. మీతో చెప్పుకున్నది ఎవరికీ చెప్పనని ఆ తల్లికి ముందే మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఆ సంగతి ఆమెకు నోరు విప్పకముందే తెలియాలి. మాటలు తర్జుమా చేయడానికి బస్తీ పెద్దమనిషిని కూర్చోబెడితే ఆడవాళ్లు అసలేమీ చెప్పరు. ఆడమనిషిని ఏర్పాటు చేయమని సంస్థను అడగండి.

రేపు ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతంతో పాటు ఇవీ అడగండి: సలహాకు లాయర్ ఉన్నారా, కేసు ఫైళ్లు ఎవరెవరు చూస్తారు, పోలీసులు పేర్ల లిస్టు అడిగితే ఏం చేస్తారు. నీళ్లు నమిలితే అక్కడ చేరొద్దు.

జరిగిందంతా ఈ వారమే మీ సూపర్‌వైజర్‌కు రాసిచ్చి, ఆ తల్లిని మళ్లీ కలవండి. అడ్మిషన్లు అయిపోయాయని బడిలో అంటే, ఆలస్యంగా వచ్చినా చేర్చుకోవాలనే విద్యాహక్కు చట్టం 15వ సెక్షన్ చూపించండి.