ఒసాకాలో మంగళవారంతో జాగ్రత్త

ప్రశ్న: ఆదివారం పొద్దున ఒసాకాలో దిగి బుధవారం రాత్రి దాకా ఉంటాం. పదేళ్లలోపు పిల్లలిద్దరు. కోట, నూడుల్స్ మ్యూజియం తప్పకుండా చూడాలి. ఇంకో రెండు కుదిరితే సంతోషం. ఏ రోజు ఏది పెట్టుకోమంటారు?

జవాబు: జపాన్‌లో మ్యూజియంలకు సోమవారం సెలవని విని, అన్నిటినీ మంగళవారానికి పెట్టుకుంటారు చాలామంది. ఒసాకాలో ఆ లెక్క తప్పుతుంది. ఇకెదాలోని కప్ నూడుల్స్ మ్యూజియం, కోట దగ్గరి చరిత్ర మ్యూజియం, తెన్‌జిన్‌బాషిలోని ఇళ్ల మ్యూజియం, మూడింటికీ మంగళవారమే సెలవు. నాకనోషిమాలోని పింగాణీ మ్యూజియానికి సోమవారం. సుయితాలో ఉన్న మిన్‌పాకు, అంటే ప్రపంచ జాతుల జీవన విధానాలు చూపే జాతీయ మ్యూజియం, బుధవారం మూస్తారు. సెలవు రోజున పండగ పడితే తెరిచి, మర్నాడు మూయడం మామూలు. కోట గోపురానికి మాత్రం డిసెంబర్ 28 నుంచి జనవరి 1 దాకా తప్ప సెలవే లేదు.

అందుకని మీ సోమవారం చాలా విలువైనది. పొద్దున్నే హాన్‌క్యూ అనే ప్రైవేటు రైల్వే కంపెనీ ఒసాకా-ఉమెదా స్టేషన్లో తకరాజుకా లైన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఇకెదా. దిగాక ఐదు నిమిషాల నడక. మొమొఫుకు ఆందో 1958లో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారుచేసిన పెరటి పాకను అక్కడ తిరిగి కట్టి చూపిస్తారు. ప్రవేశం ఉచితం. కప్పు మీద బొమ్మలేసి, సూపూ పైన వేసే దినుసులూ ఎంచుకుని సొంత కప్పు చేయించుకుంటే ఒక్కోదానికి 500 యెన్‌లు.

మధ్యాహ్నం ఉమెదాకి తిరిగొచ్చి, హిగాషి-ఉమెదాలో సబ్‌వే తనిమాచి లైన్ ఎక్కి రెండో స్టేషన్లో దిగండి. పేరు తెన్‌జిన్‌బాషిసుజి రోకుచోమె. స్టేషన్‌కి ఆనుకున్న భవనం ఎనిమిదో అంతస్తులోనే ఇళ్ల మ్యూజియం ఉంది. 1830ల నాటి ఒసాకా వీధిని అసలు కొలతలతో కట్టి, దీపాలతో పగలూ రాత్రీ మార్చి చూపిస్తారు. పిల్లలకు కోటకన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం. కిందకి దిగితే 2.6 కిలోమీటర్ల తెన్‌జిన్‌బాషి బజారు. పైన కప్పు ఉంటుంది కాబట్టి వానొచ్చినా తిరగొచ్చు.

మంగళవారం మిన్‌పాకు. సబ్‌వే మిదోసుజి లైన్లో సెన్రి-చువో దాకా వెళ్లి, అక్కడ మోనోరైలు మారి బాన్‌పాకు-కినెన్‌కోయెన్‌లో దిగాలి. పార్కులో పదిహేను నిమిషాలు నడవాలి. దారిలోనే 1970 ప్రపంచ ప్రదర్శన (ఎక్స్‌పో) నాటి 70 మీటర్ల సూర్య గోపురం కనిపిస్తుంది. దాని లోపల చూడాలంటే ముందే బుక్ చేసుకోండి.

బుధవారం తనిమాచి-యోన్‌చోమెలో దిగి ముందు చరిత్ర మ్యూజియం చూడండి. పదో అంతస్తు నుంచి కిందకి చూసుకుంటూ రావాలి, కిటికీలోంచి కోట మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత కోట. ఒక్క మాట: అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి 1583లో మొదలుపెట్టిన కోట 1615 యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్న గోపురం 1931లో కట్టిన కాంక్రీటు కట్టడం, లోపలంతా మ్యూజియమే. చెక్క గదులు ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. లిఫ్టు ఐదో అంతస్తు దాకా, ఆపై ఎనిమిదో అంతస్తుకి మెట్లు.

ప్రశ్న: డెబ్బై దాటిన నాన్నగారితో ముగ్గురం వస్తున్నాం. హోటల్ ఉమెదాలో తీసుకోవాలా, నాంబాలోనా?

జవాబు: నాంబాలో తీసుకోండి. కన్సాయ్ విమానాశ్రయం నుంచి నాన్‌కాయ్ కంపెనీ రైలు మారకుండా నేరుగా నాంబాకి వస్తుంది. రాపిట్ అనే వాళ్ల వేగం రైల్లో నలభై నిమిషాల లోపే. మామూలు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో ఇంకాస్త ఎక్కువ పడుతుంది కానీ రాపిట్‌కి కట్టే అదనపు టికెట్ ఉండదు. ఉమెదాలో వేర్వేరు కంపెనీల స్టేషన్లు ఒకదాని పక్కన ఒకటి ఉండి, నేల కింద దారులు అల్లుకుపోయి ఉంటాయి. పెట్టెలతో, పెద్దవాళ్లతో అక్కడ దారి వెతుక్కోవడం కష్టం.

హోటల్ వివరాల్లో స్టేషన్‌కి మూడు నిమిషాలు అని రాసినంత మాత్రాన సరిపోదు. ఆ దగ్గరి ద్వారానికి మెట్లే ఉండొచ్చు, కాబట్టి లిఫ్టు ఉన్న ద్వారం నంబరు హోటల్‌ని అడిగి రాసుకోండి. సెమీ డబుల్ అంటే 120 నుంచి 140 సెంటీమీటర్ల మంచం. ఇద్దరు పెద్దవాళ్లకి చాలదు, రెండు మంచాలుండే ట్విన్ అడగండి. అద్దె మనిషి లెక్కన మారుతుంది కనుక బుకింగ్‌లో ముగ్గురినీ చూపించాలి. గది సాధారణంగా మధ్యాహ్నం 3 గంటలకిస్తారు, పెట్టెలు మాత్రం అంతకుముందే ఉంచుకోనిస్తారు. మనిషికి రాత్రికి 5,000 యెన్‌లు, ఆపైన ఉంటే ఒసాకా బస పన్ను 200 యెన్‌ల నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. మాంసం లేకుండా ఒకోనొమియాకి (క్యాబేజీ కలిపిన పిండితో వేసే అట్టు) చేయించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. చిక్కంతా దాషితో. ఎండబెట్టిన కత్సువో చేపను సన్నగా తురిమి, నీళ్లలో వేసి తీసే రసం అది. ఒకోనొమియాకి పిండి కలిపేది సాధారణంగా దానితోనే. పైన చల్లే తురుము కూడా ఆ చేపదే. కిత్సునె ఉదోన్ అనే లావు నూడుల్స్ పులుసులో పైకి కనిపించేది వేయించిన టోఫూ ముక్కే అయినా, గిన్నెలోని పులుసు దాషే. పుల్లలకు గుచ్చి నూనెలో వేయించే కుషికత్సులో వంకాయ, ఉల్లిపాయ తీసుకున్నా మాంసం వేగిన నూనెలోనే వేస్తారు, కొన్నిచోట్ల ఆ నూనె కూడా జంతువుల కొవ్వే. "మాంసం వద్దు" అంటే వంటవాడు మాంసం ముక్కలు తీసేస్తాడు, అంతే. దాషి అతని దృష్టిలో మాంసం కాదు. అందుకని "నికు మొ సకనా మొ తబెమాసెన్, కత్సువో దాషి మొ దమె దెసు" అని చెప్పండి. మాంసం, చేప తినం, కత్సువో దాషి కూడా కుదరదు అని అర్థం. ఫోన్లో జపనీస్‌లో రాసి చూపిస్తే ఇంకా నయం.

ప్యాకెట్ల మీది అలర్జీ పట్టీని నమ్ముకోకండి. అందులో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య ఉంటాయి కానీ కత్సువో ఉండదు. ఫోన్ కెమెరాతో దినుసుల జాబితా మొత్తం అనువదించి చూడాలి. వీగన్ అని బోర్డున్న రెస్టారెంట్లను ముందే మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. రాత్రి పూటకి సూపర్‌మార్కెట్లో దొరికే సాదా అన్నం డబ్బా మంచి ఆసరా. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చాలు.

ప్రశ్న: అక్కడ రైస్ కుక్కర్ కొంటే ఇంట్లో పనిచేస్తుందా? పన్ను తగ్గిస్తారట కదా?

జవాబు: మామూలు మోడల్ కొనకండి. జపాన్ కరెంటు 100 వోల్టులు. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 230 వోల్టుల్లో పెడితే వేడి ఐదు రెట్లు దాటి కుక్కర్ కాలిపోతుంది. ప్లగ్ మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు. ఉమెదాలోని యోదొబాషి ఎలక్ట్రానిక్స్ దుకాణం, నాంబా దగ్గరి దెన్‌దెన్ టౌన్ ఎలక్ట్రానిక్స్ బజారు లాంటి చోట్ల "220–230 వోల్టులు, విదేశాలకు" అని రాసిన మోడల్ అడగండి. మన కెటిల్ అక్కడికి పట్టుకెళ్తే దీనికి ఉల్టా: ఐదో వంతు వేడి కూడా రాదు.

పన్ను 10 శాతం. అది తగ్గాలంటే పన్ను కాకుండా ఒక దుకాణంలో ఒక రోజు కనీసం 5,000 యెన్‌ల సరుకు కొనాలి, అసలు పాస్‌పోర్టు చూపాలి. 2026 అక్టోబర్ ఆఖరు దాకా దుకాణంలోనే తగ్గిస్తారు. నవంబర్ 1 నుంచి పన్నుతో సహా కట్టి, వెళ్లేటప్పుడు కస్టమ్స్ పరిశీలన అయ్యాక తిరిగి తీసుకోవాలి. సరుకు చూపమనొచ్చు, కాబట్టి పెట్టె విమాన కౌంటర్లో ఇచ్చేలోపే ఆ పని ముగించుకోండి.

ప్రశ్న: చివరి రోజు పెట్టెలు స్టేషన్ లాకర్లో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. పెద్ద లాకర్లు పొద్దున్నే నిండిపోతాయి. రైలు ఛార్జీలకు వాడే ఇకోకా ప్రీపెయిడ్ కార్డుతో కడితే తాళంచెవి ఇవ్వరు, ఆ కార్డే తాళం. ఇంట్లో నలుగురి దగ్గరా కార్డులుంటే ఎవరిది వాడారో గుర్తుంచుకుని, వచ్చిన రశీదు ఫొటో తీసుకోండి.