మోకాలి నొప్పికి నడుము బలం

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

దాళ్వా నాట్లు అయినప్పటి నుంచి కాలవ రేవు మెట్లు దిగడానికి కూడా మోకాళ్లు సహకరించడం లేదని మీ అమ్మ చెప్పింది. తైలం మర్దనా, మోకాలి పట్టీ కొంత ఉపశమనం ఇస్తాయి, కాదనను. అయితే పొట్ట, నడుము, పిరుదుల కండరాలలో బలం లేనప్పుడు అడుగు వేసిన ప్రతిసారీ తొడ లోపలి వైపుకు వాలి, ఆ ఒత్తిడి మోకాలి చిప్ప మీద పడుతుంది. కనుక ముందు ఆ కండరాలను బలపరచుకో.

నవారు మంచం కుంగుతుంది, అది పనికిరాదు. నేల మీద చాప వేసుకో. కిందికి దిగి లేవడం కష్టమైతే చెక్క మంచం చాలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు ఆనించి, పొట్టను బిగించి 5 అంకెలు లెక్కపెట్టి వదులు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు; నీవు రక్తపోటుకు మాత్రలు వాడుతున్నావు గనుక ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. ఇది అలవాటయ్యాక, అదే బిగువుతో పిరుదులను పైకెత్తి, భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే వాలులోకి తెచ్చి, ఎత్తినదానికన్నా నెమ్మదిగా దించు.

అన్నిటిలోకి నేను ఎక్కువ విలువ ఇచ్చేది మూడవది. పక్కకు తిరిగి పడుకుని, కింది కాలు మడిచి, పై కాలిని చాచి జానెడు ఎత్తు లేపి దించాలి. తొడ వాలిపోకుండా పట్టి ఉంచే తుంటి పక్క కండరానికి ఇది నేరుగా పని చెబుతుంది. చాలామంది తెలియకుండానే నడుమును వెనక్కి వాల్చి, కాలిని ముందుకు తెచ్చి ఎత్తుతారు. అప్పుడు శ్రమ వేరే కండరానికి పోతుంది. అందుచేత వీపును గోడకు ఆనించి చేయి.

ఒక్కొక్కటి 10 సార్లు, వారానికి 3 రోజులు చాలు. గుంజీళ్లు, మోకాళ్ల మీద ఆనుకుని చేసేవి ఇప్పుడు వద్దు. కండరం కొద్దిగా సలిపితే భయపడకు. మోకాలి నొప్పి మరునాటికి కూడా ఎక్కువగానే ఉంటే లెక్క తగ్గించు. బలం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, సార్వా నాట్లకు ఇంకా వ్యవధి ఉంది.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, మడత పడి బిగుసుకుపోయినా, నడుస్తుండగా ఉన్నట్టుండి పట్టు తప్పినా ఇవన్నీ ఆపి, భీమవరం వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించుకో.

ఇట్లు,
పెద్దమ్మ