టెక్ సందేహాలు: గెంతు ఎందుకు ఆలస్యమవుతోంది?

ప్రశ్న: పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ కన్సోల్‌లో ‘స్టీప్’ అనే మంచు కొండల మీద జారే ఆట ఆడుతున్నాను. దాని అదనపు భాగం ‘రోడ్ టు ది ఒలింపిక్స్’ కథలో స్నోబోర్డ్ హాఫ్‌పైప్ (రెండు పక్కలా మంచు గోడలున్న, సగం గొట్టంలాంటి బాట) దగ్గర నాలుగు రోజులుగా ఇరుక్కుపోయాను. సమయానికే బటన్ వదులుతున్నా గెంతు ఆలస్యంగా పడుతోంది. నీకు ఆట రాదని మా తమ్ముడు ఒకటే వెక్కిరింపు. కొత్త కంట్రోలర్ కొనాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: డబ్బులు జేబులోనే ఉంచి ముందు టీవీ రిమోట్ అందుకోండి. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పీఎస్4 వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకి గేమ్ మోడ్ ఆన్ చేయండి. సినిమాలు నున్నగా కనపడాలని టీవీ ప్రతి బొమ్మనూ కాసేపు దగ్గర పెట్టుకుని మెరుగులు దిద్దుతుంది, ఆ కాసేపే మీ కొంప ముంచుతోంది. గేమ్ మోడ్ ఆ మెరుగుల్ని తగ్గిస్తుంది. పీఎస్4లో ఈ ఆట సెకనుకు 30 ఫ్రేములతో (బొమ్మలతో) నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 33 మిల్లీసెకన్లు. టీవీ ఇంకో 100 మిల్లీసెకన్లు తినేసిందనుకోండి, మూడు ఫ్రేములు పోయినట్టే. కొండ మీద తీరిగ్గా జారేటప్పుడు ఈ తేడా తెలియదు. హాఫ్‌పైప్‌లో మాత్రం గోడ అంచు మీకు కనపడేసరికే మీ మనిషి దాన్ని దాటేసి ఉంటాడు.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి, మీ వేలూ తెరా రెండూ పడేలా. సెకనుకు 240 ఫ్రేముల వీడియో అయితే ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. వేలు కదిలినప్పటి నుంచి తెర మీద కదలిక వచ్చేదాకా ఎన్ని ఫ్రేములో గేమ్ మోడ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి లెక్కేయండి. ఆటకి సొంత ఆలస్యం కొంత ఎలాగూ ఉంటుంది కాబట్టి చూడాల్సింది రెండు లెక్కల మధ్య తేడా. మా ఇంట్లో నేనూ ఇదే తెలియక, బాగున్న కంట్రోలర్‌ని పక్కన పడేసి కొత్తది కొన్నాను. ఇప్పుడు రెండూ ఉన్నాయి, ఆడేది ఒక్కణ్నే.

టీవీ సంగతి తేలాక కూడా పడిపోతుంటే అప్పుడు మీ తమ్ముడి మాట కొంచెం వినాలి. అంచు దగ్గరికొచ్చాక గెంతే బటన్ ఆర్2 నొక్కడం కాదు, చాలా ముందే నొక్కి పట్టుకుని అంచు మీద వదలాలి. వదిలే క్షణంలోనే ఎడమ స్టిక్‌ని తిరగాల్సిన వైపు తోయాలి. దిగే ముందు స్టిక్ వదిలేయండి, ఇంకో చుట్టు తిరుగుదామనే ఆశే ఎక్కువమందిని మంచులో దొర్లిస్తుంది.

ఇంకో మాట. ఆ ఒలింపిక్స్ కథలో అసలు క్రీడాకారుల ఇంటర్వ్యూలు మధ్యమధ్యలో వచ్చి డాక్యుమెంటరీలా సాగుతుంది, నాకైతే కాస్త సాగదీసినట్టే అనిపించింది. 2016 నాటి అసలు ఆటలో కొండలే నోరు విప్పి మాట్లాడే కథలున్నాయి చూశారా, అవి చాలా నయం. హాఫ్‌పైప్ మీద విసుగొస్తే కొన్నాళ్లు అటు వెళ్లిరండి.

ప్రశ్న: ఇదే ఆట మా ఇంట్లో నెట్ లేకపోతే నడవడం లేదు. కథ ఒక్కణ్నే ఆడుకుంటున్నా కదా, నెట్ దేనికి?

జవాబు: దేనికంటే, తయారుచేసినవాళ్లు అలా పెట్టారు కాబట్టి. మీరు ఒంటరిగా ఆడినా ఆ ఆల్ప్స్ కొండల మీద మిగతా ఆటగాళ్లు కూడా తిరుగుతుంటారు. ఆఫ్‌లైన్‌లో ఆడే దారి లేదు, కొనే ముందే చూసుకోవాల్సిన సంగతి ఇది. ఆడేటప్పుడు డేటా పెద్దగా అవదు, ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగించవచ్చు. కాకపోతే ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ ఆపేయండి, లేదంటే ఏదో అప్‌డేట్ వచ్చి మీ రోజు డేటా మొత్తం మింగేస్తుంది.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. మంచులో జారే ఆట ఏదైనా చెప్పండి, యాడ్స్ గోల లేకుండా.

జవాబు: 2015లో వచ్చిన ‘ఆల్టోస్ అడ్వెంచర్’. తప్పించుకున్న లామాల్ని (ఒంటె జాతి పెంపుడు జంతువుల్ని) పట్టుకుంటూ కొండ దిగే కుర్రాడు, కథంటే అంతే. వేలితో తడితే గెంతు, నొక్కి పట్టుకుంటే గాల్లో పల్టీ. 60 లెవెల్స్, ఒక్కోదానికి మూడు లక్ష్యాలు. ఐఫోన్‌లో డబ్బులిచ్చి కొనాలి. ఆండ్రాయిడ్‌లో ఉచితమే గానీ యాడ్స్ వస్తాయి. నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు కాబట్టి, డేటా ఆపేసి మొదలుపెట్టండి.