బాటిల్ బ్రష్ గింజ మీద మట్టి కప్పకండి

మూడుసార్లు వేసినా మొలవలేదు, మన ఎండలకు బాటిల్ బ్రష్ గింజ నుంచి రాదా అని అడిగారు. వస్తుందండీ. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర పల్లె. మా గేటు పక్కన సీసాలు కడిగే బ్రష్‌లాంటి పూలతో ఎర్రగా విరగబూసే చెట్టు గింజ నుంచి వచ్చిందే.

మీరు గింజ మీద మట్టి కప్పే ఉంటారు. కంది, పెసర వేసిన చేతులు కప్పకుండా ఊరుకోవు. కానీ ఇది ధూళంత గింజ, పైనే ఉండి వెలుతురు తగిలితే బాగా మొలుస్తుంది.

నేను గింజలు కొనలేదు. నల్లగొండలో మా అక్క వాళ్ల వీధిలోని చెట్టు నుంచి పాత కొమ్మ తెచ్చుకున్నా. కాయలు కొమ్మ చుట్టూ పూసల్లా అంటుకుని ఏళ్ల తరబడి మూసుకునే ఉంటాయి, దాని సొంత దేశం ఆస్ట్రేలియాలో మంట తగిలినా కొమ్మ ఎండినా విచ్చుకుంటాయి. కాగితం కవర్లో వేసి ఏప్రిల్ ఎండలో డాబా మీద పెట్టా. వారానికి అడుగున గోధుమరంగు పొడి రాలింది. మా అమ్మ బుగ్గి అనుకుని దులపబోతుంటే పరుగెత్తి పట్టుకున్నా, ఆ పొడే గింజలు!

జూన్‌లో వానలు పడ్డాక కొబ్బరి పొట్టు, జల్లించిన ఎర్రమట్టి సగం సగం కలిపి, బెజ్జాలు పెట్టిన ఐస్‌క్రీం డబ్బాలో నింపి పైన చల్లా. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, అందుకే డబ్బానే నీళ్ల పళ్లెంలో పెట్టా. పదహారో రోజు పొద్దున పచ్చగా నూగులాంటిది కనిపించింది. నాచేమో అని కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే రెండేసి ఆకులు! అమ్మను, పక్కింటి పెద్దమ్మను పిలిచి చూపించా. మొదట్లో మూత పెట్టడంతో గాలి ఆడక సగం మొలకలు కుళ్లి పడిపోయాయి, మీరు మూత పెట్టకండి.

అసలు టెన్షన్ తర్వాత. జానెడు ఎత్తయ్యాక లేత ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఒక నర్సరీ అతను యూరియా వేయమన్నాడు, వేస్తే ఇంకా పాలిపోయింది. ప్రతిదానికీ యూరియానేనా! మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందేగా, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది. ఇక్కడ తంటా ఫ్లోరైడ్‌తో కాదు, బకెట్‌కు తెల్లగా పొరకట్టే, ఆ నీళ్లలోనే ఉన్న సున్నపు గుణంతో. దానివల్ల మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు, ఆకు అలా పసుపు తిరుగుతుంది. గాబులో వాన నీళ్లు పట్టి అవే పోశా, చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉండే ఇనుము, ఆకుల మీద కొట్టా. నెలలోపు కొత్త చిగురు బాగా వచ్చింది.

మొదటి పువ్వు నాలుగో ఏడు పూసింది, ఆ వారమే తేనెపిట్టలు వచ్చేశాయి. అంత ఆగలేకపోతే కొమ్మ కట్టింగ్ పెట్టుకోండి, గింజే కావాలంటే చెప్పండి, మా చెట్టు కాయలు కవర్లో పెట్టి పంపిస్తా.