భోగాపురం ప్లాటు తర్వాత, ముందు ఆ బోర్డు కాగితం తీయండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 35. ఆర్మీలో 14 ఏళ్లు చేశాక, బరువుతో పెట్రోలింగులో జారిపడి నడుం డిస్కు దెబ్బతింది. మూడు నెలల కిందట మెడికల్ మీద ఇంటికి పంపేశారు. మెడికల్ బోర్డు వైకల్యం 40 శాతం అంది గాని, సర్వీసు వల్ల వచ్చింది కాదని రాసింది. గ్రాట్యుటీ, ఫండు, ఇన్సూరెన్సు కలిపి 22 లక్షలు వచ్చాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు ప్లాటు కొనమని మా బావ ఒకటే పోరు. కొనమంటారా? ఉద్యోగం ఏం చూసుకోవాలి?

జవాబు: మీరు ప్లాటు గురించి అడిగారు గాని నాకు టెన్షన్ పెట్టింది మధ్యలో రాసిన ఆ ముక్క, సర్వీసు వల్ల కాదన్నది. దానిమీద అప్పీలుకి ఆరు నెలలే గడువు. అందులో సగం అయిపోయింది.

లెక్క చెప్తాను. పెన్షన్‌కి లెక్కేసే మీ ఆఖరి జీతం 40 వేలు అనుకుందాం. అందులో సగం, 20 వేలు, ఇన్వాలిడ్ పెన్షన్‌గా ఎలాగూ వస్తుంది. వైకల్యం సర్వీసు వల్లే వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో ఒప్పుకుంటే దానిమీద డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యానికిచ్చే అదనపు పెన్షన్, కలుస్తుంది. నూరు శాతానికి జీతంలో 30 శాతం, అంటే 12 వేలు. మెడికల్ మీద పంపేసినవాళ్లకి 50 లోపు ఎంతున్నా 50గానే లెక్కేస్తారు కాబట్టి మీకు 6 వేలు, దానిమీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం), బతికున్నంత కాలం. పైగా అప్పుడు మొత్తం పెన్షన్‌కి ఇన్‌కమ్ ట్యాక్సు ఉండదు, ఇప్పుడొచ్చే దానికి ఆ మినహాయింపు లేదు.

భర్తీ అయినప్పుడు మీ మెడికల్‌లో నడుం జబ్బేదీ రాయలేదు కదా? అలా రాయనప్పుడు ఆ తర్వాత వచ్చింది సర్వీసు వల్లే అనుకోవాలని, కాదని రుజువు చేసే భారం సైన్యానిదేనని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు పడ్డ రోజున ఇంజురీ రిపోర్టు రాశారా, ఎంఐ రూములో (యూనిట్ వైద్యశాలలో) చూపించుకున్న చీటీ ఏమైనా ఉందా? ఇలాగే ఒకాయన శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి నల్ల ట్రంకుపెట్టెతో నేరుగా నా దగ్గరికొచ్చేశాడు, కాగితాలేం లేవు సార్ అని. పెట్టె బోర్లిస్తే అడుగున పరిచిన న్యూస్‌పేపరు కింద నాలుగు మడతల చీటీ దొరికింది, తేదీతో, యూనిట్ డాక్టరు సంతకంతో. ఆయన అప్పీలు గెలిచింది ఆ చీటీతోనే. మీదీ వెతకండి. మొదటి అప్పీలు కాదంటే రెండోది ఉంది, తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్.

ఉద్యోగానికొస్తే, సెక్యూరిటీ గార్డు పని మాత్రం ఒప్పుకోకండి, పన్నెండు గంటలు నిలబడితే ఆ డిస్కు ఏమవుతుందో మీకే తెలుసు. కుర్చీలో కూర్చునే పని చూడండి. ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికుల కోటా ఉంది. కేంద్రం గ్రూప్ సి ఉద్యోగాలకి మీ సర్వీసు కాలం, దానిమీద ఇంకో మూడేళ్లు వయసులోంచి తీసేస్తారు కాబట్టి కాగితం మీద మీకు 18 ఏళ్లే! చిక్కల్లా డిగ్రీ దగ్గర. టెన్త్ చదివి 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లని గ్రూప్ సికి డిగ్రీతో సమానంగా చూస్తారు, మీకు ఒక్క ఏడాది తక్కువైంది. కడుపు మండే విషయమే. డిగ్రీ లేకపోతే ఇగ్నోలో ఇప్పుడే కట్టేయండి.

ఇక 22 లక్షలు. ఏడాది ఇంటి ఖర్చుకి సరిపడా బ్యాంకులో ఉంచుకోండి. మీరూ, మీ ఆవిడా జాయింటుగా పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్‌లో 15 లక్షల దాకా వేసుకోవచ్చు, నెలనెలా వడ్డీ వస్తుంది. సీనియర్ సిటిజన్ స్కీము మాజీ సైనికులకి 50 ఏళ్లకే తెరుస్తారు గాని మీకింకా పదిహేనేళ్లుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తిప్పుతామనేవాళ్లు ఈపాటికే వచ్చుంటారు, వాళ్లకి టీ ఇచ్చి పంపేయండి. బావగారికి, ఉద్యోగం దొరికాక చూద్దాం అని చెప్పండి. ఇల్లు గడవాల్సిన డబ్బంతా ఒక్క ప్లాటులో పెడితే అర్జెంటుగా అవసరమైన రోజున కొనేవాడు దొరకడు.

రేపే శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకుని మాజీ సైనికుడి కార్డు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు సంగతి అడగండి. అప్పీలు రాయడంలో కూడా సాయం అడగండి. డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు, జిరాక్సులే ఇవ్వండి.