హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. నాన్నకి 2009 మోడల్ టాటా 407 ఉంది, మామిడి సీజన్‌లో తోటల నుంచి కాయ తోలతాం, మిగతా రోజుల్లో ఏ కిరాయి వస్తే అది. ఇప్పుడు ఆయిల్ తినేస్తోంది, వెయ్యి కిలోమీటర్లకి దగ్గర దగ్గర 2 లీటర్లు పోయాల్సొస్తోంది, లోడుతో ఎత్తు ఎక్కుతుంటే వెనక నీలం పొగ, బ్రీదర్ పైపులోంచి (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) కూడా గ్యాస్ కొడుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఫుల్ ఇంజిన్, అంటే ఇంజిన్ మొత్తం దించి చెయ్యాలన్నారు, మా ఊరి మెకానిక్ ఏమో హాఫ్ ఇంజిన్, అంటే పైపని చేసి పిస్టన్ రింగులు మారిస్తే చాలంటున్నాడు. నేను డిప్లొమా మెకానికల్ చదివాను, ఇంటి దగ్గర రేకుల షెడ్డు ఉంది, చైన్ బ్లాక్ అద్దెకి దొరుకుతుంది. ఇంట్లోనే చేద్దామని ఉంది. ఎంతవరకు విప్పమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇద్దరిలో ఎవరి మాటా కొట్టిపారెయ్యను, అలాగని ఎవరి మాటా నమ్మను, ఎందుకంటే ఇద్దరూ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి వెడల్పు) కొలవకుండానే చెప్పేశారు. ముందు కొలత, తర్వాతే సామాను. కొలవకముందే లైనర్-పిస్టన్ సెట్ (లైనర్ అంటే సిలిండర్ లోపలి గొట్టం) కొని తెచ్చి షెడ్డులో పెట్టుకుంటే, ఇంక ఇంజిన్ ఏం చెప్పినా మనకి వినపడదు.

పానా పట్టుకునే ముందు ఒక పని చెయ్యి. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు హోస్ ఊడదీసి లోపల వేలు పెట్టి రాసి చూడు. వేలికి సన్నటి దుమ్ము అంటుకుందంటే నీ రింగుల్ని తినేసింది అదే. మామిడి తోటల మట్టి రోడ్ల మీద తిరిగే బండి కదా, క్లిప్పు లూజై దుమ్ము లాగడం మామూలే. ఆ హోస్ మార్చకుండా ఇంజిన్ మొత్తం కొత్తది చేసినా వచ్చే సీజన్‌కి మళ్ళీ ఇదే పొగ. ఎందుకు అరిగిందో తేలకుండా ఎంత చెయ్యాలో తేలదు, ఇది చాలామంది వదిలేసే మెట్టు.

పొద్దున స్టార్ట్ చెయ్యగానే నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే వాల్వ్ గైడ్లు, సీళ్ళ మీద అనుమానం, అది హెడ్ (ఇంజిన్ పై మూత) పనితో పోతుంది. నువ్వు చెప్పింది లోడు మీద పొగ, పైగా బ్రీదర్‌లో గ్యాస్, కాబట్టి రింగులో బోరో రెండూనో. నాలుగు సిలిండర్లూ అరిగాయా ఒకటేనా అన్నది నాజిల్ (డీజిల్ చిమ్మేది) బొక్కలో గేజ్ పెట్టి కంప్రెషన్ చూస్తే తెలుస్తుంది. ఒక్క సిలిండరే మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే కథ వేరు, ఆ ఒక్కదాంట్లో రింగు విరిగుండొచ్చు, వాల్వ్ కాలుండొచ్చు. ఇంకోటి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ లైటు మినుక్కుమంటోందా? రాసేటప్పుడు నువ్వు అది చెప్పలేదు, నాకు అన్నిటికంటే కావలసింది అదే. లైటు మినుక్కుమంటుంటే, తప్పు మీటరుది కాదని తేలితే, కింద బేరింగుల సంగతి చూడకుండా పైపని చేసి మూసెయ్యకూడదు.

ఇప్పుడు హెడ్ దించు, చాంబర్ (కింద ఆయిల్ ఉండే తొట్టి) దించు, ఇంజిన్ ఛాసిస్ మీదే ఉండనీ. మీ 407లో ఉండేది 497 ఇంజిన్, పేరులోనే ఉంది, 4 సిలిండర్లు, 97 ఎంఎం బోరు. బోరు ఎప్పుడూ పైన, టాప్ రింగు ఆగే చోట ఎక్కువ అరుగుతుంది, అక్కడ గోరుతో కిందనుంచి పైకి గీస్తే అంచు తగులుతుంది. ఆ అంచు అలాగే ఉంచి కొత్త రింగులు వేస్తే పదునైన కొత్త టాప్ రింగు దానికి కొట్టుకుని విరిగే ప్రమాదం ఉంది. బోర్ డయల్ గేజ్ దొరికితే పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలిచి రాసుకో. దొరక్కపోయినా ఫర్వాలేదు, ఒక కొత్త రింగుని బోరులో పెట్టి పిస్టన్‌తో సమంగా నెట్టి, కింద అరగని చోట రింగు చివర్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడు, మళ్ళీ పైన అంచు కిందుగా చూడు. ఆ రెండిటి తేడాని 3.14తో భాగిస్తే బోరు ఎంత వెడల్పయిందో వచ్చేస్తుంది. బోరు 0.10 ఎంఎం అరిగితే గ్యాప్ 0.31 ఎంఎం పెరుగుతుంది, అంటే పిస్టన్ ఎక్కిన ప్రతిసారీ ఆ రింగు తెరుచుకుని దిగినప్పుడు మూసుకుంటూ ఉండాలి, 2000 ఆర్‌పీఎమ్‌లో నిమిషానికి 2000 సార్లు. అలాంటి బోరులో కొత్త రింగులు కొన్నాళ్ళు బానే ఉన్నట్టు ఉండి మళ్ళీ మొదలెడతాయి.

కొలత మాన్యువల్ లిమిట్ లోపల ఉంటే మీ ఊరి మెకానిక్ మాటే ఖాయం చేసుకో: అంచు తీసి, హోనింగ్ చేసి (బోరు లోపల రాయితో సన్నగా గీరి), రింగులు, బిగ్ ఎండ్ (పిస్టన్ రాడ్ కింది చివర) బేరింగులు, హెడ్ పని, గాస్కెట్లు. ఇదంతా షెడ్డులో అయ్యే పనే. ఒకవేళ లిమిట్ దాటితే ఇంక రింగుల మాట మర్చిపో, లైనర్లు పిస్టన్లు మార్చాల్సిందే, లైనర్లు ప్రెస్ మీద ఎక్కించి బోరు చేసే పని లేత్ షాపుదే, ఇంట్లో సుత్తితో కొట్టి ఎక్కించేది కాదు. ఇంజిన్ కిందకి దిగాలి, బ్లాక్ వెళ్ళాలి, అది వెళ్ళాక క్రాంక్ (పిస్టన్ రాడ్లు తిప్పే కింది షాఫ్ట్) కూడా ఎలాగూ చేతిలో ఉంటుంది.

క్రాంక్ సంగతి మాత్రం రెండు దారుల్లోనూ చూడాలి. ఒక బిగ్ ఎండ్ క్యాప్ విప్పి బేరింగు చిప్ప చూడు, బూడిద రంగులో నునుపుగా ఉంటే సంతోషం, రాగి రంగు బయటపడితే దాని టైమ్ అయిపోయింది. జర్నల్ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే గుండ్రటి భాగం) మీద గోరు గీస్తే గాడి తగులుతుందా చూడు, మైక్రోమీటర్‌తో కోలగా అరిగిందేమో చూడు. నునుపుగా, గుండ్రంగా ఉంటే స్టాండర్డ్ బేరింగులు చాలు. గాడి పడితే గ్రైండింగ్, సైజు తగ్గిస్తే బేరింగులు ఆ సైజువే కొనాలి, 0.25 అండర్‌సైజ్ అలా దొరుకుతాయి. అందుకే బేరింగులు క్రాంక్ కొలిచాకే కొనమనేది. క్యాప్‌లు విప్పేటప్పుడు ఏ క్యాప్ ఏ రాడ్‌దో పంచ్‌తో గుర్తు పెట్టుకో, తారుమారు అయితే అసలు పని మొత్తం పోతుంది.

బాగున్న క్రాంక్‌ని "ఎలాగూ విప్పాం కదా" అని గ్రైండింగ్‌కి పంపడం నాకు నచ్చదు. అలాగే హెడ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించకుండా, క్రాకుల కోసం వాల్వ్‌ల మధ్య చూడకుండా డబ్బు మిగిల్చామనుకోవడమూ నచ్చదు. డీజిల్ పంపు మటుకు ఇంట్లో ముట్టుకోవద్దు, పంపు, నాజిళ్ళు రెండూ కాలిబ్రేషన్ షాపుకి పంపు. చెడ్డ నాజిల్ డీజిల్‌ని ధారలా పోసి కొత్త బోరు మీది ఆయిల్ కడిగేస్తుంది, పిస్టన్ నెత్తి కాల్చేస్తుంది.

ఇంకో లెక్క కూడా నాన్నతో కూర్చుని వేసుకో. బండికి పదిహేనేళ్ళు దాటాయి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, ఆ ఫీజులు కూడా 2022 నుంచి పాత బండ్లకి బాగా పెరిగాయి. ఛాసిస్, క్యాబిన్ తుప్పు పట్టి ఇంకో రెండు సీజన్లే అనుకుంటే కొలత లిమిట్ దగ్గర్లో ఉన్నా రింగులతో లాగించు, తప్పేం లేదు. ఇంకా చాలా ఏళ్ళు నడుపుతాం అనుకుంటే ఆటోనగర్ మాట విను, కానీ సీజన్ అయ్యాక విప్పు. సీజన్ మధ్యలో విప్పితే తొందరలో అన్నీ సగం సగం అవుతాయి.

ప్రశ్న: మా లారీకి ఇంజిన్ పని పూర్తయింది. రెండ్రోజులు స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలెయ్యమంటున్నారు, రింగులు సర్దుకుంటాయంట. నిజమేనా సార్?
— ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండి. రింగుని బోరుకి గట్టిగా నొక్కేది గ్యాస్ ప్రెషరే, ఐడిల్‌లో అది చాలదు, బోరు అద్దంలా మెరుపెక్కి ఆయిల్ తినడం మొదలెడుతుంది. డీజిల్ ఆపేసి సెల్ఫ్ కొట్టి ముందు ఆయిల్ ప్రెషర్ రానివ్వండి, తర్వాత స్టార్ట్ చేసి లీకులు చూసుకుని, వేడెక్కాక సగం లోడుతో రోడ్డెక్కించండి, గేర్లు మారుస్తూ స్పీడు పెంచుతూ తగ్గిస్తూ నడపండి. ఎత్తు మీద టాప్ గేర్లో ఈడ్చకండి. మొదటి ఆయిల్, ఫిల్టర్ వెయ్యి కిలోమీటర్ల లోపే మార్చెయ్యండి, పాత ఫిల్టర్ పారెయ్యకుండా కోసి లోపల కాగితం మీద రాగి రంగు పొడి ఉందేమో చూడండి.