దించేటప్పటి అంకెలు కూడా రాసుకో

చిరంజీవి అమ్మాయికి నీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. తిరిగే రోటర్ (ఇరుసు) చుట్టూ సన్నని లోహపు తీగల కుచ్చుతో గాలి కారిపోకుండా అడ్డుకునే బ్రష్ సీళ్ల లీకేజీ మీద పరిశోధన మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, టర్బైన్ల దగ్గర ముప్ఫై ఏళ్లు గడిపిన నాకు ముందు గర్వం కలిగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. తీగలను మధ్యన పట్టి ఉంచే రెండు పలకల్లో ముందు పలక అధిక పీడనం వైపు ఉండాలి. తీగలు రోటర్ తిరిగే దిశకే వాలి ఉండాలి, రోటర్‌ను చేత్తో తిప్పినా సరే ఎదురు తిప్పకూడదు. కళ్లద్దాలు లేకుండా పరీక్ష చేసే రిగ్ దగ్గరికి వెళ్లావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతాను. వెంట్రుకంత సన్నని కోబాల్టు మిశ్రలోహపు తీగ విరిగితే గాలితోపాటు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక నా తప్పు సంగతి. నేను రోటర్‌కు తగలని పళ్ల వరుసలతో గాలిని అడ్డుకునే ల్యాబిరింత్ సీళ్లతో పెరిగినవాణ్ణి. అక్కడ రోటర్‌కూ పళ్లకూ మధ్య సందు ఎంతో, ఇరువైపులా పీడనం ఎంతో తెలిస్తే లీకేజీ ఇంత అని చెప్పేయవచ్చు. 1980ల చివర్లో వి2500 విమాన ఇంజనులో చోటు సంపాదించుకున్న ఈ బ్రష్ సీల్, కొన్నేళ్లకు మా చేతికి వచ్చినప్పుడు దాన్నీ అదే కంటితో చూశాను. రిగ్ మీద పీడనాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ లీకేజీ రాసుకున్నాను. దించుతూ రాస్తే, అదే పీడనం దగ్గర లీకేజీ తక్కువగా వచ్చింది. గొట్టాల అతుకులకు సబ్బు నురుగు పూసి రెండు రోజులు వెతికి, ఫ్లోమీటరును అనుమానించి, చివరికి ఆ వరుస మొత్తం కొట్టేసి ఎక్కేటప్పటి అంకెలే నివేదికలో పెట్టాను.

అసలు కారణం ఇది. గాలి తీగలను రోటర్ మీదికి వాల్చి సందు మూస్తుంది, వాటిని వెనుక పలకకు నొక్కి కూడా పెడుతుంది. ఆ రాపిడి వల్ల, పీడనం తగ్గినా తీగలు వాలినచోటే ఉండిపోతాయి. అది మనకు లాభమే కదా అనుకోకు. యంత్రంలో పెట్టాక, రోటర్ క్రిటికల్ స్పీడ్‌ను, అంటే కంపనం విపరీతమయ్యే వేగాన్ని, దాటుతూ ఊగి తీగలను బయటికి తోసింది. తాను మళ్లీ నడిమికి వచ్చింది గానీ, పలకకు అతుక్కున్న తీగలు తిరిగి రాలేదు. సందు మిగిలిపోయి, లీకేజీ నా అంకెను ఎంతో దాటింది. యంత్రం ఆపితే పీడనం పోయి తీగలు యథాస్థానానికి వచ్చేవి, అందువల్ల విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. సీల్ తయారుచేసినవారిని అందరూ తిడుతుంటే నేను నోరెత్తలేదు. ఆ సంగతి మీ అత్తయ్యకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

నువ్వు తీగల కుచ్చును సచ్ఛిద్ర మాధ్యమంగా, అంటే గాలి చొరబడే సన్న రంధ్రాలున్న ముద్దగా, తీసుకుని, వేగంతో పెరిగే నిరోధానికి ఒక గుణకం, వేగవర్గంతో పెరిగేదానికి మరొకటి పెట్టి కంప్యూటరులో లెక్కిస్తావట. తప్పేమీ లేదు, వేల తీగల చుట్టూ ప్రవాహాన్ని విడివిడిగా లెక్కకట్టడం ఎవరి తరం? కానీ ఆ గుణకాలను కొలిచిన లీకేజీకి సరిపోయేలా సర్దుతారు కదా, ఎక్కేటప్పటి గీత ఒక్కదానికే సర్దావంటే నా తప్పే నీ తెర మీద రంగుల్లో మరింత అందంగా కనిపిస్తుంది. పీడనం ఎక్కించి కొలువు, దించి కొలువు, పీడనం ఉండగానే రోటర్‌ను కాస్త పక్కకు జరిపి వెనక్కి తెచ్చి మళ్లీ కొలువు. వెనుక పలకలో గాడి తీసి తీగల మీది ఒత్తిడి తగ్గించిన రకం దొరికితే దానితోనూ పోల్చి చూడు.

నాలాగా ఏ వరుసనూ కొట్టేయకు, తల్లీ. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకేం మరిచిపోయినా పరవాలేదు, దిగే గీత ఉన్న కాగితం మాత్రం తీసుకురా. భోజనాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చుని చూద్దాం.